హెచ్ఆర్ పీజీ రెండో సెమిస్టర్: చదివేకొద్దీ చేస్తున్న పని మీదే డౌటొస్తోంది

జీతాలబిల్లు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఏనాడూ రాయలేదు. ఎనిమిదేళ్లుగా పేరోల్‌లో పనిచేస్తున్నాను. హాజరు, సెలవులు, కోతలు, నెలాఖరు గొడవలు, అదీ నా లోకం. హెచ్ఆర్‌లోకి మారాలంటే పీజీ ఉండాలన్నారని ఉద్యోగం చేస్తూనే చేరాను. ఇప్పుడు రెండో సెమిస్టర్.

మొదటి సెమిస్టర్ నిండా పేర్లే. టేలర్ 1911, మాస్లో 1943, హెర్జ్‌బర్గ్ 1959, మెక్‌గ్రెగర్ 1960. బట్టీ పట్టాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ సోమవారం పొద్దున సీట్లో కూర్చుంటే వీటిలో ఒక్కటీ చేతికి అందదు. పోయిన వారం ఒకాయన వచ్చి "నాకంటే రెండేళ్లు వెనక చేరినవాడికి నాకన్నా జీతం ఎక్కువెందుకు?" అని అడిగారు. ఆయన్ని మాస్లో అవసరాల పిరమిడ్‌లో (కింద కూడూ గూడూ, ఆపైన భద్రత, గౌరవం వగైరా) ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో నాకు అర్థం కాలేదు.

వచ్చే సెమిస్టర్‌లో డిసర్టేషన్. టాపిక్ ఏదీ తట్టలేదు. కొనసాగించాలా, ఇక్కడితో ఆపేయాలా? చదివి పనిచేస్తున్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

పాతఫైలు

మొహమాటం వద్దన్నావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. నాది ఇరవై రెండేళ్ల సర్వీసు. డిగ్రీ గేటు దాటిస్తుంది, అంతే. లోపల నేర్చుకునేదంతా మనుషుల దగ్గరే. మనిషి తలుపు తీసి లోపలికొచ్చే తీరు చూస్తే పనికొస్తాడో లేదో చెప్పేస్తా నేను. అది ఏ పుస్తకంలోనూ ఉండదు. చేరావు కాబట్టి పూర్తి చెయ్యి, సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకో. థియరీలతో బుర్ర పాడుచేసుకోకు.

ఫస్ట్‌సెమ్

ఎవరి దగ్గరైనా మొదటి సెమిస్టర్ నోట్స్ ఉంటే పెట్టండి ప్లీజ్. పరీక్షలు 12 రోజుల్లో ఉన్నాయి, ఫుల్ టెన్షన్.

నల్లబల్ల

ఫస్ట్‌సెమ్, నోట్స్‌కి వేరే థ్రెడ్ ఉంది బాబూ, అక్కడ అడగండి.

జీతాలబిల్లు గారూ, నేను ఈ సబ్జెక్టు చెప్పేవాణ్ణి కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నా. మీ దగ్గరికొచ్చిన ఆయన ప్రశ్నకు మాస్లో దగ్గర జవాబు లేదు. అది ఆడమ్స్ ప్రశ్న. 1963లో ఆయన చెప్పింది స్థూలంగా ఇదీ: మనిషి తన జీతాన్ని విడిగా చూసుకోడు. తాను పెడుతున్నదెంత, తనకు వస్తున్నదెంత అని లెక్కేసుకుని, పక్కవాడి లెక్కతో పోల్చుకుంటాడు. తూకం తప్పిందనిపిస్తే ఊరుకోడు. జీతం పెంచమంటాడు, లేదా పని తగ్గిస్తాడు, లేదా వెళ్లిపోతాడు. మరీ కుదరకపోతే "పక్కవాడికి నాకు రాని పనేదో వచ్చులే" అని సర్దిచెప్పుకుంటాడు.

ఇక్కడితో ఆగితే మీరన్నట్టు పేర్లే మిగులుతాయి. దీని తర్వాత గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన అధ్యయనం చదవండి. ఒకే కంపెనీ ఫ్యాక్టరీల్లో రెండింటిలో పది వారాల పాటు జీతాలు 15 శాతం తగ్గించారు. మూడోదాన్ని ముట్టుకోలేదు. తగ్గించిన రెండింట్లోనూ దొంగతనాలు పెరిగాయి, కానీ ఒకేలా పెరగలేదు. ఒకచోట కోత ఎందుకో వివరంగా, బాధ్యతగా కూర్చోబెట్టి చెప్పారు. రెండోచోట నాలుగు ముక్కల్లో చెప్పేసి వెళ్లిపోయారు. దొంగతనం బాగా పెరిగింది ఆ రెండోచోటే. కోత రెండుచోట్లా ఒకటే!

ఇంతకీ మీరు ఆయనకేం జవాబు చెప్పారు?

జీతాలబిల్లు

"అది నా చేతుల్లో లేదండీ, పై నుంచి వచ్చింది" అన్నాను.

ఇప్పుడు మీరు రాసింది చదివాక సిగ్గేస్తోంది. నిజానికి కారణం నాకు తెలుసు. కొత్తవాళ్లను తీసుకున్నప్పుడు బయట రేటు పెరిగింది, పాతవాళ్ల స్కేలు కదల్లేదు. ఆ మాటైనా చెప్పి ఉండాల్సింది.

పాతఫైలు గారూ, తమ్ముడు కాదండీ. చెల్లెలు.

పాతఫైలు

సారీ అమ్మా. పేరోల్ అనగానే మగవాళ్లే గుర్తొస్తారు నాకు, మా కాలం అలాంటిది.

అయినా కారణం చెప్తే మాత్రం ఆయన ఊరుకుంటాడా? "అయితే నాకూ పెంచండి" అంటాడు. అప్పుడేం చేస్తావు? కారణం చెప్పడమంటే గొడవను చేజేతులా తెచ్చుకోవడమే.

గేటుదగ్గర

ఆయన పెంచమనడంలో తప్పేముంది సార్?

నేను హెచ్ఆర్ కాదు, యూనియన్ వాణ్ణి. బల్లకి అవతలి వైపు. నాకు ఎప్పుడూ ఉండే ప్రశ్న ఒక్కటే: హెచ్ఆర్ ఎవరి మనిషి? మా దగ్గరికొచ్చి "మేం మీకోసమే ఉన్నాం" అంటారు, పైకెళ్లి "అవుట్‌పుట్ పెంచుతాం" అంటారు. ఈ పీజీలో దాని గురించి ఏమన్నా చెప్తారా, లేక మాస్లో పిరమిడ్ గీయించి పంపించేస్తారా? సంఘం పెట్టుకునే హక్కు మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం 87వది, 1948 నాటిది. బేరమాడే హక్కు మీద 98వది, 1949. ఇవి సిలబస్‌లో ఎన్ని పేజీలు?

నల్లబల్ల

మంచి ప్రశ్న. చాలాచోట్ల పారిశ్రామిక సంబంధాలని ఒక పేపరు ఉంటుంది, ఆ ఒప్పందాలు అందులో వస్తాయి. నా అభిప్రాయం అడిగితే, ఉండాల్సినంత లేవు.

హెచ్ఆర్ ఎవరి మనిషి అన్నది మాత్రం ఈ సబ్జెక్టు పుట్టినప్పటి నుంచీ తెగని పంచాయితీ. 1997లో అల్‌రిచ్ హెచ్ఆర్‌కు నాలుగు పాత్రలున్నాయన్నాడు. వ్యూహంలో భాగస్వామి, ఆఫీసు పని నడిపే నిపుణుడు, మార్పు తెచ్చేవాడు, ఉద్యోగుల తరఫు మనిషి. తర్వాత వచ్చిన కంపెనీలన్నీ మొదటిదాన్ని విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకున్నాయి. నాలుగోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నేను పరీక్షలో నాలుగు పాత్రలూ రాయమని అడగను. వాటిలో ఏ రెండు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయో చెప్పమంటాను. బట్టీ పట్టినవాళ్లకు అక్కడ పెన్ను ఆగిపోతుంది.

ఇంకో సంగతి. మాస్లో 1943 వ్యాసంలో పిరమిడ్ బొమ్మే లేదు. అది తర్వాత మేనేజ్‌మెంట్ రాతల్లో పుట్టింది. నా క్లాసులో ఈ మాట చెప్పిన ప్రతిసారీ సగం మంది నోట్స్‌లో గీసుకున్న పిరమిడ్ వంక చూసుకుంటారు.

సున్నాకిముందు

పాతఫైలు గారూ, "తలుపు తీసే తీరు చూసి చెప్పేస్తా" అన్నారు కదా. ఎంతమంది విషయంలో తప్పయిందో ఎప్పుడైనా రాసి పెట్టుకున్నారా?

గొడవకు అడగట్లేదు. నేను డేటా వైపు నుంచి హెచ్ఆర్ పీజీకి వచ్చాను, నన్ను కట్టిపడేసింది ఈ భాగమే. ఉద్యోగంలో ఎవరు బాగా చేస్తారో ఎంపిక పద్ధతులు ఎంతవరకు ముందే చెప్పగలవో దశాబ్దాలుగా కొలుస్తున్నారు. సున్నా అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఒకటి అంటే జాతకం అచ్చుగుద్దినట్టు. ష్మిట్, హంటర్ 1998లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క తీస్తే, అందరికీ ఒకే ప్రశ్నలు ఒకే కొలబద్దతో అడిగే ఇంటర్వ్యూకు 0.51, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకు 0.38 వచ్చింది. చేతిరాత చూసి చెప్పడానికి 0.02! 2022లో సాకెట్ బృందం వాళ్ల లెక్కలో సరిదిద్దాల్సినవి సరిదిద్దితే ఆ మొదటి రెండూ 0.42, 0.19 అయ్యాయి. అంటే తీరుగా అడిగే ఇంటర్వ్యూ బలం పెద్దగా పోలేదు, మాటామంతీ ఇంటర్వ్యూ బలం మాత్రం సగానికి పడిపోయింది.

0.42 కూడా గొప్పేమీ కాదు. మనిషిని ముందే చదివేయడం ఎవరివల్లా పూర్తిగా కాదన్నమాట. తలుపు తీసే తీరు మీద ఎవరూ లెక్క తీసినట్టు లేదు.

పాతఫైలు

నువ్వు చెప్పే పాయింట్లు బాగున్నాయి బాబూ. కానీ నేను తీసుకున్నవాళ్లు బాగా పనిచేశారు. అది నేను చూశా.

సున్నాకిముందు

మీరు వద్దన్నవాళ్లు వేరేచోట ఎలా చేశారో మీరు చూడలేదు కదా సార్. సగం లెక్క అక్కడే పోయింది.

పాతఫైలు

ఊఁ.

రిజైన్‌లెటర్

ఆపాలా వద్దా అన్న ప్రశ్న నేనూ ఒకప్పుడు ఇలాగే అడిగాను. డిసర్టేషన్ విషయంలో నాకు జరిగింది చెప్తాను. మీకు జరగకూడదు.

ఉద్యోగ సంతృప్తి మీద మా ఆఫీసులోనే సర్వే చేశాను. పేర్లు అడగలేదు కాబట్టి గోప్యతకు ఢోకా లేదనుకున్నా. కానీ వయసు, సెక్షన్, సర్వీసు, ఆడా మగా అని నాలుగు గళ్లు పెట్టాను, గైడ్ నమూనాలో ఉన్నాయని. డిస్పాచ్ సెక్షన్‌లో ఏడుగురు. అందులో ఆడమనిషి ఒక్కరే. ఆవిడ "మా సూపర్‌వైజర్ మాట వినరు" దగ్గర పూర్తిగా అంగీకరిస్తున్నాను అని టిక్కు పెట్టింది. ఫైలు నా దగ్గరే ఉందనుకుంటే, అనుమతిచ్చిన పెద్దాయన "ఒకసారి పంపు, చూసిస్తా" అన్నాడు. పంపేశాను. అంత బుద్ధితక్కువ పని ఇంకోటి చేయలేదు నా జీవితంలో.

మూడు నెలలకు ఆవిడ షిఫ్ట్ మారిపోయింది. సర్వే వల్లనేనని ఎవరూ అనలేదు. కానీ ఆ తర్వాత నేను క్యాంటీన్‌లోకి వెళ్తే ఆవిడ బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోయేది. నా డిసర్టేషన్‌కు ఫస్ట్ క్లాస్ వచ్చింది.

అందుకే చెప్తున్నా. సొంత ఆఫీసులో చేస్తే, అయిదుగురి కంటే తక్కువ మంది పడే గడిని దేన్నీ విడిగా చూపించకండి, పక్క గడితో కలిపేయండి. ముడి ఫైలు మీరూ, గైడూ తప్ప ఎవరూ చూడరని సర్వేకి ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. ఒప్పుకోకపోతే ఆ టాపిక్ వదిలేయండి.

గేటుదగ్గర

ఇందుకే మావాళ్లు సర్వేలో అన్నీ "పర్వాలేదు" అని టిక్కు పెడతారు. మీరు దాన్ని సగటు తీసి పైవాళ్లకు చూపిస్తారు.

నల్లబల్ల

రిజైన్‌లెటర్ గారూ, ఇది రాసినందుకు థ్యాంక్స్. మీ పోస్ట్ మా పిల్లలకు చదివి వినిపిస్తాను, పేరు లేకుండా.

గేటుదగ్గర గారన్నదానికి వందేళ్ల చరిత్ర ఉంది. హాథోర్న్ ప్రయోగాలు పుస్తకాల్లో ఎలా చెప్తారు? వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో 1924 నుంచి దీపాల వెలుగు మార్చి చూశారు, తర్వాత రిలేలు (టెలిఫోన్ స్విచ్ భాగాలు) బిగించే గదిలో కొందరు అమ్మాయిల్ని కూర్చోబెట్టి విరామాలు మార్చి చూశారు, మనుషుల్ని పట్టించుకుంటే ఉత్పత్తి పెరుగుతుందని తేలింది అంటారు. ఆ గదిలో మరీ ఎక్కువ మాట్లాడుతున్నారని ఇద్దరిని 1928లో తీసేసి, వేరే ఇద్దర్ని తెచ్చిన సంగతి చాలా పుస్తకాల్లో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ ఉంటే. వెలుగు ప్రయోగాల లెక్కల్ని 2011లో లెవిట్, లిస్ట్ తిరిగి తీసి చూస్తే, పుస్తకాలు చెప్పినంత ప్రభావం కనబడలేదు.

హెర్జ్‌బర్గ్‌దీ అంతే. రెండొందల మంది పైచిలుకు ఇంజినీర్లనూ, అకౌంటెంట్లనూ "ఎప్పుడు బాగా అనిపించింది, ఎప్పుడు చిరాకేసింది" అని అడిగి, తృప్తినిచ్చేవి వేరు, చిరాకు తెప్పించేవి వేరు అని తేల్చాడు. బాగా జరిగినప్పుడు మనం "నేను సాధించా" అంటాం, చెడినప్పుడు "కంపెనీ పాలసీ" అంటాం. అది మనిషి గుణమా, ఉద్యోగం గుణమా? ఈ అనుమానం రావడం కోసమే ఆ పేరును చదవాలి. జీతాలబిల్లు గారు అనుమానమొస్తోంది అని టైటిల్ పెట్టారు. చదువు పనిచేస్తోందని అర్థం.

ఫస్ట్‌సెమ్

సార్, హాథోర్న్ గురించి ఇలా రాస్తే మార్కులేస్తారా?

నల్లబల్ల

మామూలు కథ ముందు రాసి, విమర్శ తర్వాత రాయండి. వేస్తారు.

జీతాలబిల్లు

రెండు వారాలైంది, మళ్లీ వచ్చాను. ఆపట్లేదు.

సున్నాకిముందు గారి పోస్ట్ చదివాక నా దగ్గరున్న రిజిస్టర్లనే లెక్కేసి చూద్దామనిపించింది. పేర్లు తీసేసి, అంకెలు కాస్త మార్చి రాస్తున్నాను. ఏడాది మొదట 200 మంది, ఆఖర్న 240. వెళ్లినవాళ్లు 33. ఇన్నాళ్లూ రిపోర్టులో ఆఖరి సంఖ్యతో భాగించి 13.75 శాతం అని పంపుతున్నారు. సగటు 220తో భాగిస్తే 15. సరే, పెద్ద తేడా కాదు.

అసలు సంగతి సెక్షన్ల వారీగా విడదీశాక బయటపడింది. ఒక్క ప్యాకింగ్‌లోనే సగటున 40 మందికి 14 మంది వెళ్లారు. 35 శాతం! మిగతా 180 మందిలో వెళ్లింది 19 మంది, అంటే పదిన్నర చిల్లర. ఎనిమిదేళ్లుగా వాళ్ల ఫైనల్ సెటిల్‌మెంట్లు నా చేత్తోనే చేశాను. ఒక్కొక్కటీ విడివిడిగా చూశాను కాబట్టి ఎప్పుడూ కనబడలేదు.

ఇంకా ఉంది. ఆ ఏడాది ప్యాకింగ్‌లో చేరినవాళ్లు 18 మంది. మూడు నెలలు నిండకుండానే వెళ్లిపోయినవాళ్లు 9 మంది. జీతం తక్కువని వెళ్తున్నారని మా ఆఫీసులో అందరి నమ్మకం. జీతమే కారణమైతే చేరే ముందే తెలుసు కదా, రెండు నెలలకు కొత్తగా తెలిసేదేముంది?

డిసర్టేషన్ దీని మీదే చేద్దామనుకుంటున్నా. ప్రశ్నావళి మొదలుపెట్టాను. ఏడో ప్రశ్న: "మీ సూపర్‌వైజర్ న్యాయంగా ఉంటారు, పని స్పష్టంగా నేర్పిస్తారు. అంగీకరిస్తారా?" ఎలా ఉంది?

సున్నాకిముందు

లెక్క బాగుంది. ఏడో ప్రశ్న బాగోలేదు. న్యాయంగా ఉండేవాడు పని నేర్పడం చేతకానివాడైతే టిక్కు ఎక్కడ పెట్టాలి? ఒకే ప్రశ్నలో రెండున్నాయి, విడగొట్టండి.

9 మంది అంటే చిన్న సంఖ్య. దాంతో టెస్టులు నడిపి నక్షత్రం గుర్తులు (ఫలితం కాకతాళీయం కాకపోవచ్చని పట్టికల్లో పెట్టేవి) వెతక్కండి. గైడ్ క్రోన్‌బాక్ ఆల్ఫా (ఒకే విషయం మీది ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే కొలత) 0.7 దాటిందా అని అడుగుతారు, అడగనివ్వండి. దానికి పనికొచ్చేంత మందిని మొత్తం ఫ్యాక్టరీ నుంచి తీసుకుని, ఈ 9 మందినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడించండి. అంకెలు ఎక్కడ అని చెప్తాయి, ఎందుకు అన్నది వాళ్లే చెప్పాలి.

రిజైన్‌లెటర్

వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడటం ఉన్నవాళ్లతో మాట్లాడటం కంటే తేలిక. భయం ఉండదు. కానీ ఆఖరి రోజు ఎగ్జిట్ ఇంటర్వ్యూలో చెప్పినదాన్ని నమ్మకండి. సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా అందరూ "వ్యక్తిగత కారణాలు" అనే అంటారు. రెండు నెలలాగి ఫోన్ చేయండి. నంబర్లు పేరోల్ ఫైల్లోంచి ఎత్తేయకండి, అనుమతి తీసుకోండి.

నల్లబల్ల

జీతం కాదు, చేరాకే తెలిసేది ఇంకేదో ఉందన్న మీ ఊహకు పాత బంధువు ఒకరున్నారు. వానస్ 1973లో టెలిఫోన్ ఆపరేటర్లుగా చేరబోయేవాళ్లకు ముందే పని ఉన్నదున్నట్టు చూపించి, మామూలు పద్ధతిలో తీసుకున్నవాళ్లతో పోల్చి చూశారు. ఉద్యోగంలోని చిరాకులు కూడా దాచకుండా చెప్పడం అన్నమాట. తర్వాత దీని మీద చాలా అధ్యయనాలొచ్చాయి, మానేసేవాళ్లను తగ్గించడంలో ఫలితం ఉంది కానీ చిన్నది. చిన్నదని ముందే తెలుసుకుని మొదలుపెడితే ఆఖర్న నిరాశ ఉండదు. ఒక్క ప్రశ్న తప్పకుండా చేర్చండి: "చేరే ముందు మీకు చెప్పిన పనికీ, చేరాక చేసిన పనికీ తేడా ఏమిటి?" టిక్కులు వద్దు, ఖాళీ గీతలివ్వండి.

జీతాలబిల్లు

చేర్చాను. ఏడో ప్రశ్న ఏడు, ఎనిమిది అయింది. వయసు గడి తీసేశాను.

ఆ ఒకాయన దగ్గరికి కూడా వెళ్లాను, జీతం సంగతి. కారణం చెప్పాను. పాతఫైలు గారన్నట్టే "అయితే నాకూ పెంచండి" అన్నారు. అలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో జాబితా తీసి పైకి పంపాను, పదకొండు మంది తేలారు. ఇంకా జవాబు రాలేదు.

గేటుదగ్గర

జాబితా పంపారా! మీరు మా దాంట్లోకి వచ్చేయండి మేడమ్.

పాతఫైలు

అమ్మా, ఈ థ్రెడ్ చదువుతూనే ఉన్నా, రాయలేదంతే.

నల్లబల్ల గారు చెప్పిన ఆ ఖాళీ గీతల ప్రశ్న నిన్న మా దగ్గర అడిగి చూశా. పోయిన నెల మానేసిన ముగ్గురికి ఫోన్ చేశా. ముగ్గురూ ఒకటే మాట. వారానికి రెండు రాత్రి షిఫ్టులుంటాయని తమకెవరూ చెప్పలేదట.

ఆ ఉద్యోగ ప్రకటన రాసింది నేనే. తీసి చూశా. నిజంగానే లేదు.